కంపెనీ లిక్విడేషన్‌లోకి వెళ్తే (ఆస్తులమ్మి అప్పులు తీర్చి మూసేస్తే) పీఎఫ్ ముందా, పన్ను బకాయి ముందా?

"మా కంపెనీ మీద పన్ను శాఖ కోట్లలో క్లెయిమ్ వేసింది, ఇక మా పీఎఫ్ మీద ఆశ వదులుకోవాలా" అని అడిగారు. వదులుకోకండి. 2022లో మాదీ ఇదే టెన్షన్.

ఫ్యాక్టరీకి తాళం పడ్డాక పేస్లిప్పులూ పీఎఫ్ పాస్‌బుక్కూ పక్కపక్కన పెట్టి చూశాను. స్లిప్పుల్లో నెలనెలా 1,800 కట్ అయింది. పాస్‌బుక్‌లో చివరి పదకొండు నెలలకు ఎంట్రీలే లేవు. మా జీతంలోంచి కోసుకున్న డబ్బు కట్టనే లేదన్నమాట! అంతలో సెప్టెంబరులో రెయిన్‌బో పేపర్స్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. గుజరాత్ వ్యాట్ (అమ్మకం పన్ను) చట్టం ఆస్తుల మీద ఫస్ట్ చార్జ్, అంటే మొదటి హక్కు, ఇస్తోంది కాబట్టి ప్రభుత్వం కూడా సెక్యూర్డ్ క్రెడిటరేనని, అంటే ఆస్తి మీద హక్కున్న అప్పులవాడేనని. అది విని అందరం డీలా పడ్డాం.

మా లాయరు గారు ఒక్క మాటతో భయం తీర్చారు: "మీ పీఎఫ్ ఆ క్యూలోనే లేదు." ఆ క్యూ అంటే ఎవరికి ముందు, ఎవరికి తర్వాత చెల్లించాలో చెప్పే దివాలా చట్టం 53వ సెక్షన్‌లోని వరస; అది లిక్విడేషన్ ఎస్టేట్‌లో, అంటే అమ్మి పంచడానికి పోగేసిన ఆస్తుల్లో, ఉన్నవాటికే వర్తిస్తుంది. కార్మికులకు పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ ఫండ్ల నుంచి రావాల్సిన సొమ్మును 36(4) సెక్షన్ ఆ ఎస్టేట్ బయటే ఉంచింది. ఏబీజీ షిప్‌యార్డ్ కార్మికుల కేసులో 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఎస్టేట్‌లో లేని డబ్బును బ్యాంకైనా, పన్ను శాఖైనా పంచుకోవడం కుదరదు. నా దృష్టిలో ఇది న్యాయమైన తీర్పు, అది మా చెమట.

జీతం బకాయిల సంగతి వేరు. అవి క్యూలోనే ఉంటాయి. కార్మికుల 24 నెలల బకాయిలు సెక్యూర్డ్ క్రెడిటర్లతో సమానంగా నిలబడతాయి, కాబట్టి అప్పట్లో రెయిన్‌బో తీర్పు దెబ్బ తగిలింది అక్కడే. గ్రాట్యుటీకి కంపెనీ విడిగా ఫండ్ పెట్టకపోతే అదీ వాదనలకు దారితీస్తుంది. మాకూ అదే జరిగింది.

మీరు వెంటనే పేస్లిప్పులు, పాస్‌బుక్ కాపీలు జతచేసి లిక్విడేటర్‌కి (ఆస్తులమ్మి పంచే అధికారికి) క్లెయిమ్ ఇవ్వండి. అదే కాగితాలు పీఎఫ్ ఆఫీసులోనూ ఇచ్చి, వాళ్లతో కూడా క్లెయిమ్ వేయించండి. మా విషయంలో పీఎఫ్ ఆఫీసు వేసిన క్లెయిమ్ వల్లే పని కదిలింది. ఏడాదిన్నరకి ఆ పదకొండు నెలల ఎంట్రీలు పాస్‌బుక్‌లో కనబడ్డాయి. గ్రాట్యుటీ కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.