సంతకం పెట్టిన కాగితం ఎక్కడ?

ప్రశ్న: మాది అయిదుగురి రాక్ బ్యాండ్. పాటలు రాసి, బాణీ కట్టేది నేనే. ఓ మ్యూజిక్ లేబుల్ యజమాని మమ్మల్ని సొంత తమ్ముళ్లలా చూసుకున్నాడు. 2021 జూన్‌లో పది పాటలకు ఒప్పందం రాయించుకుని, ఆరు విడుదల చేశాడు. నాలుగున్నరేళ్లయినా పైసా ఇవ్వలేదు. అడిగితే పాటలన్నీ శాశ్వతంగా తనవేనంటున్నాడు. మా దగ్గర కాపీ లేదు. ఆ పాటల్ని మా ఛానెల్‌లో పెట్టేసుకోవచ్చా?

జవాబు: ఆయన ఆప్యాయత ఎలా మారిందన్నది కోర్టుకు అక్కర్లేదు. హక్కులు ఎంతకాలానికి రాసిచ్చారన్న ఒక్క వాక్యం మీదే మీ కేసు తేలుతుంది. ఆ వాక్యం ఉన్న కాగితాన్ని ఫోన్‌లో ఫొటో అయినా తీసుకోకపోవడం పెద్ద అజాగ్రత్త.

కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే అది అయిదేళ్లే. అంటే 2026 జూన్‌తో సరి. విడుదల కాని నాలుగు పాటల సంగతి ఇంకా మెరుగు. ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా ఉంటే తప్ప, వాటి బదిలీ రద్దయినట్టే. 'శాశ్వతం' అని రాసి ఉన్నా రాయల్టీలో లేబుల్‌తో సమానంగా మీకు రావాల్సిన వాటా పోదు. 2012 సవరణ తర్వాత దాన్ని వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చెల్లదు.

ఛానెల్‌లో మాత్రం పెట్టకండి. పాట వేరు, రికార్డింగ్ వేరు. పూనుకుని, బాధ్యత తీసుకుని రికార్డు చేయించింది లేబుల్ అయితే, గొంతూ గిటారూ మీవే అయినా ఆ ఆడియో వాళ్లది. తెలిసి పెడితే స్ట్రైక్‌తో (ఛానెల్‌పై పడే కాపీరైట్ హెచ్చరికతో) పోదు, కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలుశిక్ష పడే నేరం. మళ్లీ కొత్తగా రికార్డు చేసినా, పాట హక్కు ఆయన దగ్గరున్నంత కాలం చిక్కే. అమెరికన్ రాక్ గాయకుడు జాన్ ఫోగర్టీ మీద, తన పాత పాటనే తాను కాపీ కొట్టాడంటూ పాత కంపెనీ ఫాంటసీ కేసు వేసింది. ఆయన గెలిచాడు కానీ, లాయర్ ఫీజుల తగువు 1994లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

డబ్బు బాకీకి కేసు వేసే కాలపరిమితి మూడేళ్లు. మూడేళ్లకు ముందే చెల్లించాల్సిన రాయల్టీకి కాలదోషం పట్టినట్టే. 'చూద్దాంలే' అన్న నోటిమాటకు గడియారం ఆగదు. గడువు లోపల సంతకంతో బాకీ ఒప్పుకుంటేనే కొత్త మూడేళ్లు మొదలవుతాయి.

డెమోలు, వాట్సాప్ సందేశాలు ఉన్న ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి, అమ్మకండి. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు ఒక్కటే చాలవు. భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) సర్టిఫికెట్ జతచేయాలి. స్టూడియో బిల్లు ఎవరి పేరున ఉందో వెతకండి. మీ పేరునే ఉంటే రికార్డింగ్ కూడా మీదేనని వాదించవచ్చు.

ఒప్పందం కాపీ, పాటవారీ రాయల్టీ లెక్కలు 15 రోజుల్లో ఇమ్మని రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపండి. స్పందించకపోతే వాణిజ్య కోర్టుకు ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయండి. ఆ ప్రక్రియలో గడిచిన రోజులు కాలపరిమితిలో కలవవు. ఈలోగా ఆయన 'ఇంతటితో లెక్క సరి' అని ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకుండా లాయర్‌కు చూపించండి.