బెజవాడ నుంచి సముద్ర పక్షుల దగ్గరికి: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది, సముద్ర పక్షుల పరిశోధన, దీవుల సంరక్షణ వైపు వెళ్లాలని ఉంది, ఇంట్లో మాత్రం బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఈ దారిలో బతుకుతెరువు ఉంటుందా, మొదలెక్కడ?

మాది గుంటూరు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. బతుకుతెరువు ఉంది. అయితే సముద్రమంటే ఇష్టం ఉంటే చాలదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి లెక్క తీయగలనా అన్నది ముందు తేల్చుకోండి. అది తేల్చుకోవడానికి లక్షద్వీప్ దాకా వెళ్లనక్కర్లేదు.

నేను ఉప్పలపాడులో తేల్చుకున్నాను. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. అవి సముద్ర పక్షులు కావు, కానీ గుంపుగా గూళ్లు పెట్టే పక్షుల్ని లెక్కపెట్టడం ఎక్కడైనా ఒకటే. డిగ్రీలో ఉండగా మా మాస్టారు నన్నూ నా స్నేహితురాలినీ చెరో పక్క కూర్చోబెట్టి, ఒకే చెట్టు మీద గూళ్లు లెక్కపెట్టమన్నారు. నాకు 41 వచ్చాయి, తనకి 33. ఎండలో నాలుగుసార్లు మళ్లీ లెక్కపెట్టాం. చివరికి తెలిసిందేంటంటే, కొమ్మల చాటున గూడు ఉండే ఉంటుందనుకున్న చోటల్లా నేను ఒక గీత గీసేశాను. "కనపడనిది రాయకమ్మా. కనపడలేదని రాయి" అన్నారు మాస్టారు. ఇప్పటికీ నా ఫీల్డ్ నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ మాటే రాసుకుంటాను.

రెండో పాఠం కృష్ణా మొగ దగ్గర నేర్చుకున్నాను. ఏప్రిల్ నెల, నాగాయలంక నుంచి ఇంజను పడవలో వెళ్లి ఒక ఇసుక దిబ్బ మీద దిగాం. అటవీ శాఖ అనుమతి ఉంది, కెమెరా ఉంది, టైము మాత్రం మిట్టమధ్యాహ్నం. చిన్న టెర్న్‌లు (సన్నటి రెక్కల తీరపు పక్షులు) ఒక్కసారిగా లేచి మా తలల మీద తిరుగుతూ అరుస్తుంటే నేను సంబరంగా ఫొటోలు తీస్తున్నాను. పడవ నడిపే పెద్దాయన పరుగున వచ్చి, "అమ్మా, వెనక్కి రండి, గుడ్లు ఉడికిపోతాయి" అన్నారు. కిందికి చూస్తే నా చెప్పుకి జానెడు దూరంలో రెండు గుడ్లు. ఇసుక రంగు మీద గోధుమ మచ్చలు, గవ్వపెంకుల మధ్య కలిసిపోయి ఉన్నాయి. అక్కడ తల్లి గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. తల్లి లేస్తే ఆ ఎండకి నిమిషాల్లోనే లోపలి పిండం చచ్చిపోతుంది. ఆ రోజు ఎన్ని పోయాయో నాకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అప్పటి నుంచి గూళ్లున్న చోటికి తెల్లవారుజామునో, పొద్దు వాలాకో తప్ప వెళ్లను. వెళ్లినా గడియారం చూసుకుని, పది పదిహేను నిమిషాల్లో బయటికి వచ్చేస్తాను.

పని ఎలా ఉంటుందో కాస్త చెప్తాను. ఇద్దరు ముగ్గురు వరుసగా, పక్కవాళ్లు కనిపించేంత దూరంలో నడుస్తారు. ఒకే గూడు రెండుసార్లు లెక్కలోకి రాకుండా, చూసిన ప్రతి గూడు పక్కన ఒక మాకరోనీ ముక్క పెట్టే పద్ధతి ఉంది. వానకి నాని మట్టిలో కలిసిపోతుంది, పక్షికి హాని లేదు. ఆ తర్వాత, మళ్లీ కనిపిస్తే గుర్తుపట్టేందుకు పక్షుల కాళ్లకి నంబరున్న ఉంగరాలు తొడగడం. దీనికి అనుమతులు వేరు, శిక్షణ వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గుడ్డు ముట్టుకోవాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. ఉంగరం విలువ ఏంటో ఒక్క పక్షి చెబుతుంది. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో 1956లో పక్షి శాస్త్రవేత్త ఛాండ్లర్ రాబిన్స్ ఒక లేసాన్ ఆల్బట్రాస్‌కి (పెద్ద సముద్ర పక్షి) ఉంగరం తొడిగారు. 46 ఏళ్ల తర్వాత, 2002లో, అదే దీవిలో అదే పక్షి మళ్లీ ఆయన చేతికే చిక్కింది. విజ్డమ్ అని పేరు పెట్టుకున్న ఆ తల్లి 2024లో కూడా గుడ్డు పెట్టింది. మధ్యలో ఎవరైనా నోట్‌బుక్ పారేసి ఉంటే ఈ సంగతి ప్రపంచానికి తెలిసేదే కాదు.

"పిట్టల్ని లెక్కపెడితే ఎవరికి లాభం?" అని మా నాన్న అడిగేవారు. మీ ఇంట్లోనూ అడుగుతారు. నేను చాగోస్ దీవుల సంగతి చెప్పాను. హిందూ మహాసముద్రంలోని ఆ దీవుల్లో కొన్నింటిలో ఓడల్లో వచ్చిన ఎలుకలున్నాయి, కొన్నింటిలో లేవు. 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఎలుకల్లేని దీవుల్లో సముద్ర పక్షుల సాంద్రత 760 రెట్లు ఎక్కువ. వాటి రెట్ట వానకి కొట్టుకుపోయి పగడపు దిబ్బలకి ఎరువవుతుంది. అక్కడ నీళ్లలో చేపల బరువు మొత్తం 48 శాతం ఎక్కువ తేలింది. మా నాన్న రైతు. ఎరువు మాట వినగానే ఆయనకి మొత్తం అర్థమైపోయింది. లక్షద్వీప్‌లో సూరలు పట్టే జాలర్లయితే సముద్రం మీద పక్షుల గుంపు చూసే పడవ తిప్పుతారు, వాళ్లకి మనం చెప్పేదేమీ లేదు.

దీవి నుంచి ఎలుకనో పిల్లినో తీసేస్తే పనైపోతుందని మాత్రం అనుకోకండి. ఆస్ట్రేలియాకి చెందిన మక్వారీ దీవిలో 2000 నాటికి పిల్లుల్ని పూర్తిగా తీసేశారు. తర్వాత కుందేళ్లు విపరీతంగా పెరిగి కొండవాలు పచ్చికంతా మేసేశాయి. కుందేళ్లు, ఎలుకలు అన్నింటినీ కలిపి తొలగించాక, 2014లో గానీ ఆ దీవికి వాటి పీడ విరగడైందని ప్రకటించలేదు. మన అండమాన్‌లో బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన చుక్కల జింకలు ఇప్పటికీ అడవి మొలకల్ని మేస్తూనే ఉన్నాయి. మన దేశంలో ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. అందుకే మీలాంటివాళ్లు రావాలని నిజంగా కోరుకుంటున్నాను.

చదువు విషయానికొస్తే, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎంఎస్సీ ఉంది, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం ఎంఎస్సీ ఉంది. రెండింటిలోనూ సీట్లు చాలా తక్కువ. రాకపోతే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవశాస్త్రం తీసుకోండి, అది ఏ రకంగానూ తక్కువ కాదు. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు. పీహెచ్‌డీ దాకా అదే మీ వెన్నెముక. అది లేకుండా ప్రాజెక్టుల మీద బతకడం కష్టం. నా మొదటి ప్రాజెక్టులో ఐదు నెలలు జీతం రాలేదు, అమ్మ పంపిన డబ్బుతో పడవ కిరాయిలు కట్టాను. కాబట్టి ఒప్పుకునే ముందు జీతం ఏ తేదీకి, ఎవరి ఖాతా నుంచి వస్తుందో కాగితం మీద రాయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి. బీఈడీ గురించి ఇంట్లో గొడవ పడకండి, రెండేళ్లు గడువు అడగండి. నేను అలాగే అడిగాను, ఇచ్చారు.

ఈలోపు ఈత నేర్చుకోండి. 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో గణాంకాలు చేయడం నేర్చుకోండి, పక్షిని గుర్తుపట్టేవాళ్లు దొరుకుతారు గానీ లెక్కని విశ్లేషించేవాళ్లు దొరకరు. ఏటా జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ (నీటి పక్షుల లెక్క) జరుగుతుంది, మన దేశంలో 1987 నుంచీ జరుగుతోంది, అందులో చేరండి. చూసిందంతా పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో పెట్టండి. ఒక చెరువో, ఒక దిబ్బో ఎంచుకుని నెలకోసారి అదే చోటికి వెళ్లండి. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో అవనిగడ్డ బస్సెక్కితే అక్కడి నుంచి నాగాయలంక దగ్గరే. పోటు, పాటు వేళలు ముందు రోజే పడవవాళ్లని ఫోన్‌లో అడిగి బయల్దేరండి. పాటు మీద దిబ్బ బయటపడి పక్షులన్నీ బురదలో చెదిరిపోతాయి. పోటు వచ్చేటప్పుడు మిగిలిన కాస్త ఇసుక మీదికి చేరి గుంపుగా కూర్చుంటాయి, లెక్కకి అదే అనువైన వేళ. చలికాలం వెళ్తే గోధుమతల గల్‌లు, కాస్పియన్ టెర్న్‌లు పక్కపక్కనే కనిపిస్తాయి. కాస్పియన్‌ది కారెట్ రంగు ముక్కు, పొరపాటు పడరు. మొదటిసారి పడవ దిగకండి, పడవలోంచే లెక్కపెట్టండి.