మూడో రోజు మొదలైన వాంతులు

ప్రశ్న: రెండో కీమో తర్వాత మొదటి రోజు అమ్మ బాగానే ఉందని వాంతుల మాత్రలు ఆపేశాం. మూడో రోజు నుంచి తిన్నది నిలవలేదు. ఇప్పుడు ఆస్పత్రి పేరెత్తితేనే వికారం అంటోంది. వచ్చే వారం మళ్లీ కీమో. ఏం చేయాలి?

జవాబు: కీమో వార్డు నర్సుగా ఈ మాట చాలామంది దగ్గర విన్నాను, మిమ్మల్ని మీరు తప్పు పట్టుకోకండి. వికారం మొదటి 24 గంటల్లో ఒకసారి, ఆ తర్వాత ఐదో రోజు దాకా మరోసారి రావచ్చు. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులతో ఈ రెండో విడతే సతాయిస్తుంది. మాత్రలున్నది వాంతి రాకుండా చూడటానికి. అందుకే బాగున్నా సరే, రాసినన్ని రోజులూ వేయండి. అయినా తగ్గకపోతే ఓర్చుకోమనకండి. ఏ రోజు ఎన్నిసార్లు అయిందో కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించండి. వాంతులు తగ్గించే ఒలాంజపిన్ లాంటి మరో మందు కలిపే వీలుంటుంది. వాంతుల మాత్ర ఆన్‌డాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తే అదీ చెప్పండి, మొహమాటం వద్దు.

మా వార్డులో ఒకావిడకు స్పిరిట్ దూది వాసన తగిలితే చాలు, సూది గుచ్చకముందే వాంతి అయ్యేది. అది నటన కాదు, పాత అనుభవాన్ని శరీరం గుర్తుపెట్టుకోవడం. అమ్మదీ అదే అనిపిస్తోంది. ముందు రాత్రి టెన్షన్ తగ్గించే మాత్ర ఇవ్వొచ్చేమో ఇప్పుడే అడగండి.

వేడి తిండి వాసన పడకపోతే చల్లార్చి, కొంచెం కొంచెంగా పెట్టండి. నీళ్లు చిన్న గుక్కలుగా ఇవ్వండి. రోజంతా నీళ్లు నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేయండి.