రీల్స్ చూసి ‘నాకు ఏడీహెచ్‌డీ ఉంది’ అంటున్నాడు.. మందులు ఇప్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలు కూర్చోడు. ఫోన్లో రీల్స్ చూసి తనకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉందంటూ మందులు ఇప్పించమని పట్టుబడుతున్నాడు. బద్ధకానికి సాకు వెతుక్కుంటున్నాడని నా అనుమానం. ఎలా నచ్చజెప్పాలి? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నచ్చజెప్పే ప్రయత్నం ప్రస్తుతానికి మానుకోండమ్మా. మీవాడు రీల్ చూసి జబ్బు ఉందని తేల్చేశాడు. మీరేమో బద్ధకమని తేల్చేశారు. రెండింటికీ ఇంకా ఆధారం లేదు. ఈ వయసు పిల్లలు ‘నీకేం తెలుసు’ అంటే మొండికేస్తారు గానీ, ‘నిజమో కాదో చూద్దాం పట్టు’ అంటే ఆసక్తి చూపిస్తారు.

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. పేపర్లోని వారఫలాల్లో వేరే రాశి వాళ్లది తీసి, మీవాడి రాశిదే అని చెప్పి చదివి వినిపించండి. చాలావరకు ‘కరెక్టే’ అంటాడు. 1948లో అమెరికన్ సైకాలజిస్ట్ ఫోరర్ తన క్లాసులో అందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణన పంచి, ఎవరిది వారికే రాశానని చెప్పారు. అది తమకెంత సరిపోయిందో మార్కులేయమంటే 5కు సగటున 4.26 వేశారు. ‘మతిమరుపు, పనులు వాయిదా వేయడం, మధ్యలో వదిలేయడం’ అని రీల్‌లో చెబితే నాకూ, మీకూ కూడా సరిపోతుంది.

ఆ తర్వాత అసలు ప్రశ్నలు అతనికే ఇవ్వండి. ఏడీహెచ్‌డీ ఇంటర్‌లో కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ కాలేజీలోనూ ఇబ్బంది పెడుతుండాలి. ‘క్రికెట్ గంటలకొద్దీ చూస్తాడుగా’ అని మాత్రం కొట్టిపారేయకండి. ఇష్టమైన వాటిలో మునిగిపోవడం ఈ సమస్య ఉన్నవాళ్లలోనూ మామూలే.

రెండు వారాలు ఒక నోట్‌బుక్ రాయమనండి. ఎన్నింటికి పడుకున్నాడు, ఏ సబ్జెక్ట్ దగ్గర మనసు జారింది, ఆ క్షణంలో ఏం ఆలోచిస్తున్నాడు అన్నవి చాలు. మీరు మాత్రం అడగకుండా తెరిచి చూడొద్దు. చూశారంటే మర్నాటి నుంచి మీకోసం రాస్తాడు. ఇలా రాసినవాళ్లలో కొందరికి లెక్కలంటే భయమని, కొందరికి అసలు ఎంపీసీయే ఇష్టం లేదని బయటపడుతుంది. అదే తేలితే కోప్పడకుండా వినగలరా అన్నది మీరు ముందే ఆలోచించుకోవాలి. చాలామందిలో అసలు కారణం నిద్ర చాలకపోవడం. ఈ వయసులో 8 నుంచి 10 గంటలు పడుకోవాలి. మన పిల్లలు స్టడీ అవర్స్, ఫోన్ పోగా ఆరు గంటలు పడుకుంటే గొప్ప. టెన్షన్, డిప్రెషన్, రక్తహీనత, థైరాయిడ్ కూడా ఏకాగ్రతను దెబ్బతీస్తాయి.

చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉన్నాడనిపిస్తే సైకియాట్రిస్ట్‌కు చూపించండి. మందు అవసరమో కాదో ఆయన చూసి చెప్పాల్సిందే. ఫ్రెండ్స్ దగ్గర తీసుకుని వాడితే ప్రమాదమని మీవాడికి చెప్పండి. దిగులుగా ఉన్నా, బతకాలని లేదన్న మాట వచ్చినా నోట్‌బుక్, రెండు వారాలు అని చూడకుండా వెంటనే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు ప్రైమరీ స్కూల్ నాటి ప్రోగ్రెస్ కార్డులు దొరికితే పట్టుకెళ్లండి. టీచర్లు రాసిన రిమార్కులు డాక్టర్‌కు బాగా పనికొస్తాయి.