స్కేల్ మోడల్ కలప కోయడానికి చిన్న టేబుల్ సా: ముందు ఫెన్స్ చూడండి, తర్వాత బ్లేడ్

ప్రశ్న ఇది: 1:48, 1:87 స్కేళ్లలో చెక్క వంతెనలు, ఓడలు కడుతున్నారు, బద్దలు సొంతంగా కోసుకోవాలనుకుంటున్నారు. 85 వాట్ల బుల్లి రంపం చాలా, లేక 4 అంగుళాల బ్లేడ్ ఉన్నదే కావాలా?

వాట్లు చూసి ఎంచుకుంటే పొరపాటు పడతారు. మోడల్ కలపకు మొదట కావలసింది పెట్టిన చోట కదలకుండా నిలిచే ఫెన్స్, అంటే చెక్కను ఆనించి నెట్టే పక్క పట్టీ. రెండోది ఊగని ఆర్బర్ (బ్లేడ్ బిగించే షాఫ్ట్), మూడోది దానికి సరిపడే సన్న బ్లేడ్. మోటారు శక్తి వీటి తర్వాతే.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 1:48లో ఒక అంగుళం అంటే 0.53 మి.మీ. అంటే 2×4 అంగుళాల కలప 1.06 × 2.12 మి.మీ. అవుతుంది. అదే 1:87లో 0.58 × 1.17 మాత్రమే. ఫెన్స్ 0.1 మి.మీ. జరిగిందంటే 1:48లో అసలు కొలతకు దాదాపు 5 మి.మీ. తేడా. ఓడ డెక్ మీద 40 పలకలు పక్కపక్కన పేరిస్తే ఆ తప్పు 4 మి.మీ. అయి కూర్చుంటుంది. ఇంత సన్న పనిలో ముందుగా చేతులెత్తేసేది ఫెన్సే.

బ్లేడ్ మందం కూడా డబ్బుతో ముడిపడిన విషయమే. 50 మి.మీ. వెడల్పున్న పలక నుంచి 1 మి.మీ. బద్దలు తీస్తున్నామనుకోండి. కోత వెడల్పు 0.5 మి.మీ. అయితే 33 బద్దలు వస్తాయి. 1.6 మి.మీ. కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) పళ్ల బ్లేడ్‌తో 19. పెద్ద రంపానికి మామూలుగా ఉండే 3 మి.మీ. బ్లేడ్‌తో 13. పేర్, బాక్స్‌వుడ్ లాంటి ఖరీదైన చెక్క సగానికి పైగా పొట్టు అయిపోతుంటే చూడలేం.

ఇక మీరు అడిగిన సైజుల సంగతి. ప్రాక్సన్ కేఎస్ 230 లాంటి 58 మి.మీ. బ్లేడ్, 85 వాట్ల రంపాలు 2, 3 మి.మీ. బాస్‌వుడ్ (మెత్తని చెక్క) పలకలకు హాయిగా సరిపోతాయి. గట్టి చెక్క 5 మి.మీ. దాటితే వేగం పడిపోతుంది, చెక్క మాడుతుంది. అదే కంపెనీ ఎఫ్‌ఈటీ కాస్త పెద్దది. దాని బ్లేడ్ 45 డిగ్రీల వరకు వాలుతుంది, ఫెన్స్‌కు సూక్ష్మంగా జరిపే మర ఉంటుంది. బైర్న్స్ రంపం 4 అంగుళాల బ్లేడ్‌ది. అందులో బ్లేడ్ వాలదు కానీ ఫెన్స్ నిలకడ విషయంలో ఓడ మోడళ్లు కట్టేవాళ్లు దాన్నే కొలబద్దగా చెబుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వాలే బ్లేడ్ కోసం కచ్చితత్వాన్ని వదులుకోవద్దు. మోడల్ కలపలో కోణపు కోతలు చాలా అరుదు, వాటిని సాండింగ్ జిగ్ (ముక్కను కోణంలో పట్టి ఉంచే చట్రం) పెట్టి అరగదీసి తీయొచ్చు. మీరు 1:48లో 12×12 అంగుళాల దూలాలు, అంటే 6.35 మి.మీ. చదరాలు, గట్టి చెక్కలో కోస్తారంటే 4 అంగుళాల తరగతే తీసుకోండి. 1.5 మి.మీ. లోపు బాస్‌వుడ్ పలకలే మీ పని అయితే అసలు రంపమే అక్కర్లేదు, స్టీల్ స్కేలు పెట్టి పదునైన బ్లేడ్‌తో కోస్తే చాలు.

కొనే ముందు రంపాన్ని పరీక్షించే వీలుంటే ఇలా చేయండి. ప్లగ్ తీసేసి బ్లేడ్ షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని పక్కలకు, ముందూవెనకకు కదపండి. చేతికి కదలిక తెలిసిందంటే బేరింగ్ పోయినట్టే. తర్వాత ఫెన్స్ బిగించి దాని వెనక చివరను వేలితో పక్కకు నొక్కండి. వంగితే అది ముందు ఒక్కచోటే బిగుసుకుంటోందని అర్థం. ఆ పైన 2 మి.మీ. మందం, 300 మి.మీ. పొడవున్న పలక నుంచి 1 మి.మీ. బద్ద కోసి, రెండు చివర్లా, మధ్యలో కాలిపర్‌తో కొలవండి. ఫెన్స్ విప్పి, మళ్లీ అదే అంకెకు పెట్టి ఇంకో బద్ద తీయండి. రెండు బద్దల మధ్య తేడా 0.05 మి.మీ. దాటితే ఆ ఫెన్స్‌తో రోజూ కుస్తీ తప్పదు. చివరగా ఒక ముక్కలో సగం దాకా కోసి, రంపం ఆపి, ఆ చీలిక వెడల్పును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) చూడండి. 0.5 బ్లేడ్ 0.6 చీలిక చేస్తోందంటే బ్లేడ్ ఊగుతోంది.

ఆర్బర్ వ్యాసం ముందే కనుక్కోండి. ప్రాక్సన్ చిన్న రంపాలకు 10 మి.మీ. కన్నం, ఇంకొన్నిటికి అర అంగుళం. మీ ఆర్బర్‌కు సరిపోయే కన్నంతో సన్న స్లిటింగ్ బ్లేడ్‌లు (సన్న గాడి కోసే బ్లేడ్‌లు) దొరక్కపోతే బుషింగ్ (కన్నంలో పెట్టే రింగు) వేయాల్సి వస్తుంది. ఆ బుషింగ్ కాస్త వదులుగా ఉన్నా బ్లేడ్ కేంద్రం తప్పుతుంది, అప్పుడు కొన్ని పళ్లే కోస్తాయి, అవే త్వరగా మొద్దుబారతాయి.

స్లిటింగ్ బ్లేడ్‌ల గురించి ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇవి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్)తో చేసినవి, పళ్లు అటూఇటూ వంచి ఉండవు. అందుకే కోసిన ముఖం సాండింగ్ చేసినంత నున్నగా వస్తుంది. కానీ పళ్ల మధ్య సందు చిన్నది. 100కి పైగా పళ్లున్న 4 అంగుళాల బ్లేడ్‌తో 10 మి.మీ. గట్టి చెక్క కోస్తే పొట్టు పోయే దారి లేక సందుల్లో ఇరుక్కుంటుంది, బ్లేడ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, గీత వంకర పోతుంది. 3 మి.మీ. లోపు పలకలకే ఎక్కువ పళ్లది వాడండి. మందపాటి దిమ్మ నుంచి పలకలు తీసేటప్పుడు 36 పళ్ల కార్బైడ్ వేయండి, లేదా ఆ పని బ్యాండ్ సాకు వదిలేయండి. పొగ వాసన వచ్చిందంటే ముందు బ్లేడ్‌కు అంటిన జిగురు తుడవండి, చాలాసార్లు పదును పోయిందని పొరబడేది దీన్ని చూసే.

రంపంతో పాటు వచ్చే ఇన్సర్ట్‌లో (బ్లేడ్ చుట్టూ టేబుల్‌లో అమర్చే పలకలో) బ్లేడ్ పక్కన సందు ఎక్కువ, 1 మి.మీ. బద్ద అందులోకి జారి విరుగుతుంది. కాబట్టి జీరో క్లియరెన్స్ (బ్లేడ్ పక్కన సందు లేని) ఇన్సర్ట్ మొదటి రోజే చేసుకోండి. ఖాళీ ఇన్సర్ట్ పలక పెట్టి, బ్లేడ్ దారికి అడ్డురాకుండా ఫెన్స్‌ను దాని మీదకు జరిపి బిగించి, రంపం ఆన్ చేసి బ్లేడ్‌ను మెల్లగా పైకి ఎత్తండి. పూర్తిగా దించినా బ్లేడ్ పలకకు తగులుతుంటే, పలక అడుగున ముందే చిన్న గాడి తీయాలి. బ్లేడ్ ఎత్తు మార్చలేని బుల్లి రంపాల్లో వేరే దారి ఉంది: 2 మి.మీ. ప్లైవుడ్‌ను ముందు నుంచి తిరుగుతున్న బ్లేడ్‌లోకి సగం దాకా నెట్టి, రంపం ఆపి, ఆ ప్లైవుడ్‌ను టేబుల్‌కు టేప్‌తో అంటించేయండి.

కోసే వరస కూడా ముఖ్యం. ముందు పలకను పెద్ద కొలతకు, అంటే పై ఉదాహరణలో 2.12 మి.మీ.కు, 0.15 మి.మీ. అదనంగా కోసి సాండింగ్‌తో సరిచేసుకోండి. తర్వాత దాని నుంచి 1.06 బద్దలు తీయండి. బ్లేడ్ చెక్క మీదికి ఒక పంటి ఎత్తు తేలితే చాలు. 1 మి.మీ., ఆ పైన మందమున్న బద్దలను ఫెన్స్‌కు, బ్లేడ్‌కు మధ్యనే కోయొచ్చు, ఫెన్స్ మళ్లీమళ్లీ జరపక్కర్లేదు కాబట్టి అన్నీ ఒకే మందం వస్తాయి. అప్పుడు బద్దనీ పలకనీ కలిపి నెట్టే వెడల్పాటి పుష్ స్టిక్ కావాలి, అది బ్లేడ్ మీదుగా పోయి తెగుతుంది, తెగనివ్వండి. బద్ద బ్లేడ్ వెనక అంచు దాటేదాకా నెట్టాలి. మధ్యలో వదిలేస్తే వెనక పళ్లు దాన్ని లేపి బాణంలా మీ వైపు విసురుతాయి, అందుకే ఆ గీతకు ఎదురుగా నిలబడకూడదు. 1 మి.మీ. కన్నా సన్నవైతే బద్ద బయటి వైపు పడేలా కోయండి. బ్లేడ్‌కు కాస్త ముందు ఒక స్టాప్ బిగించి, ప్రతిసారీ పలకను దానికి ఆనించి, ఆపైన ఫెన్స్‌ను పలక దగ్గరకు తెచ్చి కోయాలి. ఫెదర్ బోర్డ్ (చెక్కను ఫెన్స్‌కు నొక్కి పట్టే వేళ్ల పలక) పెడితే బ్లేడ్‌కు ముందే ఉండాలి. బ్లేడ్ పక్కన పెడితే చీలిక మూసుకుపోయి బ్లేడ్‌ను పట్టేస్తుంది.

ఒకే పొడవు ముక్కలు, ఉదాహరణకు రైలు స్లీపర్లు, మైటర్ గేజ్‌తో (చెక్కను అడ్డంగా కోయడానికి పట్టి నెట్టే గైడ్‌తో) కోసేటప్పుడు ఫెన్స్‌నే స్టాప్‌గా వాడొద్దు, తెగిన ముక్క బ్లేడ్‌కూ ఫెన్స్‌కూ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. ఫెన్స్ ముందు భాగంలో, బ్లేడ్ కన్నా చాలా ముందు, ఒక చిన్న దిమ్మ బిగించి కొలత దానికి పెట్టుకోండి.

తేడా వచ్చినప్పుడు బద్దనే చూడండి. ఫెన్స్ వైపు ఉన్న ముక్క కోత ముఖం మాత్రమే మాడితే ఫెన్స్ వెనక చివర బ్లేడ్ వైపు వాలింది. దాన్ని బ్లేడ్‌కు సమాంతరంగా, లేదా వెంట్రుకవాసి బయటికి పెట్టండి. చదరం కాకుండా వాలుగా తెగితే బ్లేడ్ టేబుల్‌కు నిట్టనిలువుగా లేదు. ముఖం మీద సమాన దూరంలో గీతలు పడితే బ్లేడ్ ఊగుతోంది. కోసీ కోయగానే బద్ద విల్లులా వంగితే రంపం తప్పేమీ లేదు, పలకలో గ్రెయిన్ (చెక్క నార) తిన్నగా లేదు.

డస్ట్ పోర్ట్ లేని రంపం కొనకండి. ఈ బ్లేడ్‌ల పొట్టు పిండిలా సన్నగా ఉంటుంది, గట్టి చెక్కల్లో కొన్నిటి పొట్టు ఊపిరితిత్తులకు పడదు. వాక్యూమ్ తగిలించినా మాస్క్ పెట్టుకోండి. కోసిన బద్దలు టేబుల్ మీద నుంచి తీసేది బ్లేడ్ పూర్తిగా ఆగాకే.