పీకాక్ పాన్సీకీ ఇండియన్ ఫ్లవర్ మాంటిస్‌కీ తేడా ఎలా గుర్తుపట్టాలి?

ఒకటి సీతాకోకచిలుక, రెండోది పూలమీద కాచుకుని వేటాడే పురుగు. రెండిటి రెక్కల మీదా కళ్ళలాంటి మచ్చలున్నాయి, ఫొటోలో పోల్చుకోవడం ఎలా అని అడిగారు. ఈ రెండిటినీ చాలాకాలంగా ఫొటోలు తీస్తున్నాను కాబట్టి చెప్తున్నా: మచ్చల సంగతి పక్కనపెట్టి ముందుకాళ్ళు చూడండి.

పాన్సీ సీతాకోకచిలుక ముందుకాళ్ళు బాగా చిన్నవి, నడవడానికి పనికిరావు. ఛాతీకి అతుక్కుని ఉంటాయి గనక దానికి నాలుగు కాళ్ళే ఉన్నట్టు కనిపిస్తుంది. మాంటిస్‌కి, అంటే మనవాళ్ళు గొల్లభామ అనే జాతికి, అసలు బలమంతా ఆ కాళ్ళలోనే ఉంది. లోపలివైపు ముళ్ళు, చాకులా మడతపడే కీలు. ఒకటి తేనె తాగడానికి పువ్వు మీద వాలుతుంది, రెండోది తేనె కోసం వచ్చేవాళ్ళ కోసం కాచుకుంటుంది.

మచ్చల్లోనూ తేడా ఉంది. పాన్సీ నారింజరంగు రెక్కలు పరిచి ఎండ కాచుకుంటుంటే, పై మచ్చలు ఎవరికైనా కనిపిస్తాయి. వానాకాలంలో పుట్టినవాటికి రెక్కల అడుగునా మచ్చలుంటాయి. ఎండాకాలపువాటికి అడుగుభాగం అచ్చం ఎండుటాకే, అంచులు కూడా కోసుగా ఉంటాయి. ఒకే జాతి అంటే మొదట్లో నమ్మబుద్ధి కాదు! మాంటిస్‌కి ఆకుపచ్చ ముందురెక్క మీద ఒక్కో మచ్చే, నల్లగీత చుట్టిన లేత పసుపురంగుది. బెదిరిస్తే రెక్కలు ఎత్తి, ఎర్రటి వెనకరెక్కలు కూడా చూపిస్తుంది.

పిల్లదశలో అయితే పోలికే లేదు. పాన్సీ గొంగళిపురుగు నీటిగొబ్బిలాంటి మొక్కల ఆకులు తిని, ప్యూపాగా మారి, తర్వాతే రెక్కలతో వస్తుంది. మాంటిస్‌కి ప్యూపా దశ లేదు. నురగ గట్టిపడినట్టుండే గుడ్ల సంచిలోంచి బుల్లి మాంటిస్‌లే వస్తాయి. మొదట్లో నల్లగా చీమల్లా ఉంటాయి, కుబుసం విడిచేకొద్దీ పూలరంగులు తేలతాయి. రెక్కలు చివరి కుబుసం తర్వాతే, కాబట్టి పిల్లల మీద మచ్చ కోసం వెతక్కండి.

ఫొటో తీసేటప్పుడు ఇంకో గుర్తు: మీరు కదిలితే మాంటిస్ తల తిప్పి మీవైపే చూస్తుంది. దాని కంట్లో నల్లచుక్క కూడా మీ వెంటే తిరిగినట్టుంటుంది. అది కనుపాప కాదు, మనం చూసే కోణం వల్ల అలా కనిపిస్తుందంతే. పాన్సీ అయితే అప్పటికే ఎగిరిపోయుంటుంది.

పువ్వు కింద ఒట్టి సీతాకోకచిలుక రెక్కలు పడి ఉంటే, పైన పూరేకుల మధ్య ఓసారి వెతకండి. మాంటిస్ ఒళ్ళు తిని రెక్కలు వదిలేస్తుంది.