తెల్లకణాలు పెరిగితే ఇన్ఫెక్షనేనా?

ప్రశ్న: మా అన్నయ్యకు 42 ఏళ్లు. క్లోమం వాచిందని నాలుగు రోజుల కిందట ఆస్పత్రిలో చేర్చాం. తెల్లకణాలు 17,500, సీఆర్‌పీ (వాపును సూచించే ప్రోటీన్) 190 వచ్చాయి. అయినా ఇన్ఫెక్షన్ లేదని యాంటీబయాటిక్ ఇవ్వడం లేదు. లైపేజ్ (క్లోమం ఎంజైమ్) మాత్రం బాగా తగ్గింది. ఇక భయం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు లేనప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వకపోవడమే సరైన పద్ధతి. మొదటి వారంలో తెల్లకణాలు ఇంతగా పెరగడానికి క్రిమి అక్కర్లేదు. క్లోమంలో తయారయ్యే ట్రిప్సినోజెన్ చిన్నపేగులోకి దిగాకే ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌గా మారాలి. పిత్తాశయపు రాయి అడ్డుపడో, మద్యం వల్లో ఆ మార్పు కణం లోపలే జరిగితే కణం తనను తానే అరిగించుకుని చితుకుతుంది. అందులోంచి కారే పదార్థాలే తెల్లకణాలకు పిలుపు.

కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చేస్తాయి. చిక్కంతా వీటితోనే. బాక్టీరియాను పట్టడానికి ఇవి తమ డీఎన్ఏనే వలలా బయటికి విసురుతాయి. ఇక్కడ పట్టడానికి బాక్టీరియా లేదు. ఆ వలలు క్లోమపు సన్నటి నాళాల్లో ముద్దకట్టి రసాన్ని ఆపేస్తాయి, ఇంకొంత ట్రిప్సినోజెన్‌ను రెచ్చగొడతాయి. కొన్ని న్యూట్రోఫిల్స్ ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ చిక్కుకుంటాయి. అందుకే కడుపు జబ్బులో ఆయాసం!

వెనకే వచ్చే మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ కాలేయం చేత సీఆర్‌పీ తయారు చేయిస్తుంది. అందుకు టైం పడుతుంది కాబట్టి 48 గంటలప్పటి అంకెకే విలువ. లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే తీవ్రం కావచ్చు. రిపోర్టులో యూనిట్ చూడండి: కొన్ని ల్యాబులు డెసిలీటరుకు ఇస్తాయి, అప్పుడు ఇదే 19 అని ఉంటుంది. లైపేజ్ జబ్బును గుర్తుపట్టడానికే. తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు.

ఇప్పుడు చూడాల్సింది ఊపిరి (నిమిషానికి 20 దాటకూడదు), నాడి (90), మూత్రం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష). ఊపిరితిత్తులు, కిడ్నీల వంటి అవయవాలు దెబ్బతిని 48 గంటలు దాటినా కోలుకోకపోతేనే దాన్ని తీవ్రమైన జబ్బంటారు. వాంతులు లేకపోతే డాక్టరును అడిగి తినిపించండి. కడుపు మాడ్చడం పాత పద్ధతి. పస్తులుంటే పేగు గోడ బలహీనపడి బాక్టీరియా దాటుతుంది.

రెండో వారం నుంచి కథ తిరగబడుతుంది. అలసిన రక్షణ కణాలు చప్పబడతాయి, పేగు బాక్టీరియా చచ్చిన కణజాలంలో చేరుతుంది. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా, సీటీలో గాలి బుడగలు కనిపించినా అప్పుడు యాంటీబయాటిక్ కావాలి. చీము తీయడానికి మాత్రం, పరిస్థితి నిలకడగా ఉంటే, చుట్టూ గోడ కట్టేదాకా సుమారు 4 వారాలు ఆగుతారు.